మిషన్‌కు కులం లేదంటారు, మరి అమ్మ వేలిముద్ర ఎందుకు పడదు?

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మకు ఫోను కొనిపెట్టాను. పది వేల లోపుది. పక్కనున్న బటన్ మీద వేలు పెడితే తెరుచుకునే రకం. నాలుగంకెల లాకు పెడితే మర్చిపోతుంది, వేలైతే ఎప్పుడూ దగ్గరే ఉంటుంది కదా అనుకున్నాను. భోగి రోజు పొద్దున అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాం. వేలు పెట్టండి, తీయండి, మళ్లీ పెట్టండి అని ఫోను అడుగుతూనే ఉంది. కుడి బొటనవేలు తీసుకోలేదు. చూపుడువేలూ తీసుకోలేదు. చివరికి ఎడమచేతి ఉంగరపు వేలిని తీసుకుంది. మర్నాడు పొద్దున కళ్లాపి చల్లి వచ్చి పెడితే అదీ పనిచేయలేదు. అమ్మ ఫోను నా ఒళ్లో పెట్టి, "నా చేతులు అరిగిపోయినయ్యిలే అమ్మాయ్, దానికి నేనెట్టా తెలుస్తా" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక మాట అన్నారు. బాబాయి కొడుకు డిప్లొమా చదివాడు. "చవక ఫోన్లింతే అక్కా, ఇంకో ఐదు వేలు పెట్టుంటే టకటకా తీసుకునేది" అన్నాడు. పక్కింటి పెద్దమ్మ, చేతులకు కొబ్బరినూనె రాయమంది. ఇంకొకాయన, ఇది ఫోను తప్పు కాదు, ఆధార్ దగ్గరా ఇదే గోల, వయసైపోతే వేళ్లు అంతే అన్నాడు. వాళ్లలో ఎవరూ పూర్తిగా తప్పు చెప్పలేదు. కానీ ఆ మాటలన్నీ కలిసి చివరికి ఒకచోటికే చేరాయి: మిషన్ బాగానే ఉంది, తేడా మనలోనే ఉంది.

ఫోనుకు వేలు పడకపోతే నష్టం లేదు. అంకెలు నొక్కుకోవచ్చు. అదే వేలు రేషన్ షాపులో ఈ-పాస్ మిషన్ మీద పడకపోతే ఆ నెల బియ్యం సంగతి ఏమిటి? పింఛను సంగతి ఏమిటి? అందుకే ఈ చిన్న విషయాన్ని కాస్త విప్పి చూడాలనిపించింది.

వేలి మీద ఏముంటుంది

వేలి కొసన ఉండే గీతల్ని పొలంగట్లలా ఊహించుకోండి. గట్టు, కాలువ, మళ్లీ గట్టు. ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు దాదాపు అర మిల్లీమీటరు దూరం. తల్లి కడుపులో పదో వారం దాటాక ఇవి ఏర్పడటం మొదలై, ఆరో నెల వచ్చేసరికి అచ్చు ఖాయమవుతుంది. ఆ అచ్చు ఉండేది చర్మం పైపొరలో కాదు, దాని అడుగున. పైపొర సుమారు నెల రోజులకోసారి రాలి, కొత్తది వస్తూ ఉంటుంది. అడుగున అచ్చు ఉంది కాబట్టి పైన మళ్లీ అవే గీతలు పుడతాయి. చిన్న గాయం మానాక వేలిముద్ర మళ్లీ మొదటిలాగే కనిపించడానికి కారణం ఇదే.

అందుకే పుస్తకాల్లో వేలిముద్ర చచ్చేదాకా మారదని రాస్తారు. అది నిజమే, కానీ దాని వెనక ఒక షరతు ఉంది. పైపొర అరిగే వేగం కన్నా కొత్తది పుట్టే వేగం ఎక్కువగా ఉండాలి. కంప్యూటర్ ముందు కూర్చునే నా వేళ్లకు ఆ లెక్క సరిపోతుంది. ఇటుకలు మోసేవాళ్లకు, రాళ్లు కొట్టేవాళ్లకు సరిపోదు. తడి సిమెంటులో ఉండే సున్నం చాలా గాఢమైన క్షారం. దాని పీహెచ్ 12 పైమాటే. ఆ మాలును తొడుగుల్లేకుండా చేత్తో కలిపితే చర్మంలో నూనె పోతుంది, పగుళ్లొస్తాయి, గట్లు చదునైపోతాయి. పొగాకు బ్యారన్ దగ్గర పచ్చాకు గుచ్చే ఆడవాళ్ల వేళ్లకు నల్లటి జిగురు పట్టుకుంటుంది. దాన్ని వదిలించడానికి ఎంత రుద్దుతారో చూస్తే, గీతలు మిగలడమే ఆశ్చర్యం అనిపిస్తుంది. మిరప కోత, వరినాట్లు, బీడీలు చుట్టడం, బ్లీచింగ్ పొడి చల్లడం, తోలు సున్నంలో నానబెట్టి గీరడం. పేర్లు వేరైనా ఇవన్నీ చేతి చర్మాన్ని తినే పనులే. వయసు మీదపడితే చర్మం పొడిబారి వదులవుతుంది. అంటే ముసలితనం అరుగుదలకు తోడవుతుంది. కానీ అరవై ఏళ్ల రిటైర్డ్ టీచరు వేలు పడుతుంది, నలభై ఏళ్ల సెంట్రింగ్ కూలీ వేలు పడదు. వయసు ఒక్కటే కారణమని చెప్పేవాళ్లు ఈ తేడా చూడరు.

మిషన్ ఏం చూస్తుంది

రేషన్ షాపుల్లో, బ్యాంకు మిత్రల దగ్గర ఎక్కువగా కనిపించేది అద్దం ఉండే రీడరు. అద్దం కింద నుంచి వెలుగు పంపుతుంది. గట్టు అద్దానికి ఆనిన చోట వెలుగు తిరిగి రాదు, అక్కడ నల్లగా కనిపిస్తుంది. కాలువ ఉన్నచోట వెలుగు వెనక్కి వస్తుంది, తెల్లగా కనిపిస్తుంది. అంటే గట్టు అద్దానికి గట్టిగా ఆనాలి. ఆనడానికి కాస్త చెమటో నూనెచాయో కావాలి. చర్మం పూర్తిగా ఎండిపోతే గట్టుకూ అద్దానికీ మధ్య గాలి మిగిలిపోయి, నల్లగీత ముక్కలుముక్కలుగా కనిపిస్తుంది.

అమ్మ ఫోనులో ఉన్నది వేరే రకం. అక్కడ వెలుగు ఉండదు, విద్యుత్తు ఉంటుంది. బటన్ కింద అతిచిన్న పలకలు వరసగా ఉంటాయి. గట్టు దగ్గరగా వచ్చిన పలక ఎక్కువ ఆవేశాన్ని పట్టుకుంటుంది, కాలువ కింద ఉన్న పలక తక్కువ పట్టుకుంటుంది. ఆ తేడాతో బొమ్మ గీస్తుంది. పైగా ఆ బటన్ సన్నటి పట్టీ. వేలు మొత్తం దానికి కనపడదు. నాలుగు గీతలు కనపడితే వాటిలో రెండు అరిగినవైతే ఇక మిగిలేదేముంది? ఖరీదైన కొన్ని ఫోన్లలో శబ్ద తరంగాలతో చదివే సెన్సర్లుంటాయి. అవి కాస్త తడినీ మురికినీ దాటి చదవగలవు. కాబట్టి మా తమ్ముడు చెప్పింది కొంతవరకు నిజం. డబ్బు పెడితే మిషన్ మన వేలి కోసం కొంచెం ఎక్కువ కష్టపడుతుంది.

బొమ్మ వచ్చాక అసలు పని మొదలవుతుంది. సాఫ్ట్‌వేర్ గీతలన్నిటినీ పోల్చదు. గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది, ఆ గుర్తుల్ని మాత్రం ఏరుకుని వాటి మధ్య దూరాలు లెక్కేస్తుంది. ఇక్కడే కూలి చేతులకు రెండో దెబ్బ. చర్మం పగిలిన చోట గీత తెగినట్టు కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ పగులును "గీత ఇక్కడ ఆగింది" అని రాసుకుంటుంది. అంటే అరుగుదల అసలు గుర్తుల్ని చెరిపేస్తుంది, పగుళ్లు లేని గుర్తుల్ని పుట్టిస్తాయి. పన్నెండేళ్ల కింద ఆధార్ తీసుకున్న రోజు నాటి ముద్రకూ, కోతలు ముగిసిన వారం నాటి ముద్రకూ పొంతన కుదరకపోతే అందులో వింతేముంది.

మనవాళ్లు ఈ శాస్త్రం చదవకుండానే దానికి విరుగుడు కనిపెట్టారు. పరిశోధన పనిమీద రేషన్ షాపుల దగ్గర కూర్చున్న రోజుల్లో ఎన్నిసార్లు చూశానో. వేలు పడకపోతే తలలో రుద్దుకుంటారు, నుదుటి మీద రాసుకుంటారు, ముక్కు పక్కన తుడుచుకుంటారు. చదువుకున్నవాళ్లు చూసి నవ్వుతారు. కానీ అది అచ్చమైన భౌతికశాస్త్రం. తల వెంట్రుకల్లో, నుదుటి మీద చర్మం వదిలే సహజమైన నూనె ఉంటుంది. ఆ నూనె గట్టుకూ అద్దానికీ మధ్య గాలిని తొలగిస్తుంది. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కడుక్కుని తుడుచుకోకుండా వస్తే మాత్రం బెడిసికొడుతుంది. తడి కాలువల్లోకి దిగి మొత్తం నల్లటి మరకలా కనిపిస్తుంది. మా ఇంట్లో కళ్లాపి తర్వాత జరిగింది అదే.

షాపుల దగ్గర ఇంకొకటి కూడా చూశాను. ఒక ఊళ్లో డీలరు వచ్చినవాళ్ల వేలు పట్టుకుని, అద్దం మీద సరిగ్గా ఆనించి, పైనుంచి నొక్కుతున్నాడు. అలా నొక్కితే ముద్ర బాగా పడుతుంది. మా పల్లెవాళ్ల వంతు వచ్చేసరికి చేతిలో ఉన్న పెన్నుతో అద్దాన్ని చూపించి "అక్కడ పెట్టు" అంటున్నాడు. పడకపోతే "చేతులు శుభ్రంగా కడుక్కుని రాపో" అంటున్నాడు. శుభ్రం అనే మాట మనకు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెబుతూ వచ్చారో ఈ పేజీ చదివేవాళ్లకు నేను వివరించనక్కర్లేదు. మిషన్‌కు కులం తెలియకపోవచ్చు. మిషన్ మీద వేలు ఎలా పడాలో నిర్ణయించిన ఆ పెన్నుకు తెలుసు.

వార్తగా మారిన వేళ్లు

వేలిముద్రలు పోవడం శాస్త్రవార్తల్లోకి రాలేదని కాదు. వచ్చింది, బాగానే వచ్చింది. 2009లో ఒక వైద్య పత్రికలో సింగపూర్ వైద్యులు ఒక రోగి గురించి రాశారు. 62 ఏళ్ల మనిషి, క్యాన్సర్‌కు కేపసిటబిన్ అనే మందు వాడుతున్నాడు. ఆ మందు అరచేతులు, అరికాళ్ల చర్మాన్ని ఊడేలా చేస్తుంది. అమెరికా వెళితే విమానాశ్రయంలో వేలిముద్ర దొరకక నాలుగు గంటలు ఆపేశారు. ప్రపంచమంతా ఆ వార్త చదివింది.

ఇంకొకటి ఇంతకన్నా చిత్రం. పుట్టుకతోనే వేలిగీతలు ఉండని ఒక అరుదైన జన్యులోపం ఉంది. దాని పేరు ఎడెర్మటోగ్లిఫియా. 2007లో ఒక స్విస్ మహిళ అమెరికా సరిహద్దు దగ్గర ఇబ్బంది పడటంతో ఇది వైద్యుల దృష్టికి వచ్చింది. 2011లో దానికి కారణమైన జన్యువును కనిపెట్టారు. దీనికి వైద్యులు సరదాగా పెట్టిన ఇంకో పేరు "ఇమిగ్రేషన్ ఆలస్యపు జబ్బు". అంటే విమానం ఎక్కేవాళ్లకు గంటో రెండు గంటలో ఆలస్యమైతే దానికి ఒక జబ్బు పేరు వచ్చింది. బంగ్లాదేశ్‌లో రాజ్‌షాహీ జిల్లాలో ఇదే లోపం ఉన్న ఒక రైతు కుటుంబం కథను 2020 చివర్లో బీబీసీ ప్రచురించింది. అక్కడ సిమ్‌కార్డుకు వేలిముద్ర తప్పనిసరి చేయడంతో ఆ ఇంటి మగవాళ్లందరూ తల్లి పేరు మీద తీసుకున్న సిమ్‌లే వాడుతున్నారు.

ఈ వార్తలు నాకు నచ్చాయి. చదివి నలుగురికీ చెప్పాను కూడా. కానీ వాటిలో పోగొట్టుకున్న వేలిముద్ర ఎప్పుడూ ఒక అరుదైన వింత. మందు వల్ల పోయింది, జన్యువు వల్ల పోయింది. పని వల్ల పోయిన వేలిముద్ర వింత కాదు కాబట్టి వార్త కాదు. ఊరికి పదిమంది ఉన్న లోపానికి లాటిన్ పేరు పెట్టరు.

ఈ పరికరం పుట్టిల్లు మన దేశమే

వేలిముద్రతో మనిషిని గుర్తించే పద్ధతిని ప్రభుత్వపు పనిముట్టుగా మార్చింది బ్రిటిష్ ఇండియాలోనే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డుకు సామాను సరఫరా చేసే రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. తర్వాత మాట తప్పకుండా ఆ మనిషిని భయపెట్టాలన్నదే తన ఉద్దేశమని హెర్షెలే తర్వాత రాసుకున్నాడు. కోనాయి అన్నది నేటి పశ్చిమబెంగాల్ షెడ్యూల్డ్ కులాల జాబితాలో కనిపించే పేరు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. లక్షల ముద్రల్లోంచి ఒకదాన్ని వెతికే వర్గీకరణను తయారుచేయడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగులు ముఖ్యపాత్ర వహించారు. పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. పోలీసు పుస్తకాల్లో ఇప్పటికీ అది హెన్రీ పద్ధతే.

1911 నాటి నేరస్థ తెగల చట్టం నమోదైన తెగలవాళ్ల వేలిముద్రలు తీసుకునే అధికారం ఇచ్చింది. ఆ చట్టం నీడలోనే బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి సెటిల్‌మెంటులో పెట్టారు. 1952లో ఆ చట్టం రద్దయింది. అప్పుడు వేలు దొరికితే ప్రమాదం, ఇప్పుడు వేలు దొరకకపోతే ప్రమాదం. రెండు కాలాల్లోనూ నేను నేనేనని రుజువు చేసుకోవాల్సిన బరువు ఒకే వైపు ఉంది.

ఐదు శాతం అంటే ఎవరు

టీ కొట్టు దగ్గరా, యూనివర్సిటీ హాస్టల్లోనూ నేను తరచూ వినే మాట ఒకటుంది. తొంభైఐదు మందికి పనిచేస్తుంది కదా, ఐదుగురి కోసం మొత్తం వ్యవస్థను తప్పుపడతారా అని. 2016-17 ఆర్థిక సర్వేలో వేలిముద్రల ధ్రువీకరణ విఫలమయ్యే శాతాలపై వేర్వేరు అంచనాలను ఒకచోట చేర్చారు. జార్ఖండ్‌లో 49, రాజస్థాన్‌లో 37, గుజరాత్‌లో 6, మన కృష్ణా జిల్లాలో 5. కృష్ణా జిల్లా లెక్క అన్నిటికన్నా మెరుగు. ఆ మెరుగైన లెక్కనే తీసుకుందాం.

ఒక షాపులో 600 కార్డులున్నాయనుకోండి. ఐదు శాతం అంటే నెలకు 30 ఇళ్లు. ఈ వైఫల్యం లాటరీలా ఎవరికి పడితే వాళ్లకు తగిలేదైతే, ఈ నెల ఒక 30 ఇళ్లు, వచ్చే నెల మరో 30 ఇళ్లు. ఒకే ఇంటికి వరుసగా మూడు నెలలు తగిలే అవకాశం 8,000లో ఒకటి. అలాంటి ఇల్లు ఆ షాపులో ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. కానీ ఏ డీలరునైనా అడగండి, వేలు పడనివాళ్ల పేర్లు నోటికి చెబుతాడు. ప్రతి నెలా వాళ్లే. ఎందుకంటే కారణం వాళ్ల చేతుల్లో ఉంది, ఆ చేతులు చేసే పనిలో ఉంది. ఆ పని ఎవరు చేయాలో కులం ముందే రాసిపెట్టింది. సగటు తీసినప్పుడు ఐదు శాతం. ఆ ముప్పై ఇళ్లకు మాత్రం అది నూరు శాతం.

ఇంకొక విషయం ఇంజనీర్లకు తెలుసు, మనకు ఎవరూ చెప్పరు. ఇద్దరి ముద్రలు కలిశాయా లేదా అని మిషన్ అవును-కాదు అని తేల్చదు. ఇంత పోలిక ఉంది అని ఒక మార్కు ఇస్తుంది. పాస్ మార్కు ఎంతో మనుషులు పెడతారు. పాస్ మార్కు తగ్గిస్తే దొంగ ముద్రలు దూరే అవకాశం పెరుగుతుంది, పెంచితే అసలు మనిషి వెనక్కిపోయే అవకాశం పెరుగుతుంది. రెండూ ఒకేసారి తగ్గించాలంటే మెరుగైన సెన్సర్ కావాలి. చర్మం అడుగు పొరల నుంచి అచ్చును చదివే మల్టీస్పెక్ట్రల్ సెన్సర్లు ఉన్నాయి, వాటికి ధర ఎక్కువ. కాబట్టి పాస్ మార్కు ఎక్కడ పెట్టాలన్నది సైన్సు ప్రశ్న కాదు. తప్పు జరిగితే నష్టం ఎవరు భరించాలన్న ప్రశ్న. పైగా వెనక్కిపోయిన మనిషి తీసుకోని బియ్యం కాగితం మీద మిగులుగా కనిపిస్తుంది. దొంగ కార్డు ఆపినా మిగులే, అమ్మ వేలు పడకపోయినా మిగులే.

మనవాళ్లకు మిషన్ ఎందుకు నచ్చింది

ఇంత రాశాక, మిషన్లన్నీ తీసేయాలని నేనంటున్నానని అనుకోకండి. మా పల్లెలో ఈ-పాస్ వచ్చిన కొత్తలో అందరూ సంతోషించారు. అంతకుముందు స్టాకు రాలేదనో, కార్డులో పేరు లేదనో డీలరు చెప్పిందే వేదం. మన పేరు మీద బియ్యం ఎవరు తీసుకున్నారో తెలిసేది కాదు. ఇప్పుడు చీటీ వస్తుంది, ఎంత ఇచ్చారో మాట చెబుతుంది. ఊరి మనిషి కన్నా ఊరికి సంబంధం లేని యంత్రమే నయమని దళితులు అనుకోవడంలో అమాయకత్వం లేదు, అనుభవం ఉంది. రైలును, అచ్చుయంత్రాన్ని, పట్నాన్ని మనవాళ్లు అలాగే ఆదరించారు.

ఆ ఆశకు రుజువు కూడా మన రాష్ట్రంలోనే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీకి, పింఛన్లకు స్మార్ట్‌కార్డులు తెచ్చినప్పుడు మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో, కోటీ 90 లక్షల జనాభా పరిధిలో అధ్యయనం చేశారు. 2016లో ప్రచురించిన ఫలితాల్లో కూలీ డబ్బులు త్వరగా అందాయని, మధ్యలో తినేది తగ్గిందని, ఎవరూ పథకానికి దూరం కాలేదని తేలింది. అదే ముగ్గురు తర్వాత జార్ఖండ్ రేషన్ మీద చేసిన అధ్యయనంలో ఫలితం తిరగబడింది. సగటున దోపిడీ తగ్గలేదు. అంతకుముందు ఆధార్ అనుసంధానం చేసుకోని 23 శాతం మందికి అందే సరుకు విలువ 10 శాతం పడిపోయింది. పరిశోధకులు మారలేదు, వేలిముద్రా మారలేదు. మన దగ్గర వేలు పడకపోయినా డబ్బు ఇచ్చే వీలు ఉంచారు. అక్కడ తప్పనిసరి చేశారు.

కొలిచే పరికరాన్ని ఎవరి ఒంటి మీద పరీక్షించి తయారుచేశారన్న ప్రశ్న మన ఒక్కళ్లదే కాదు. కరోనా కాలంలో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటరు నల్లజాతి రోగుల్లో ప్రమాదకరంగా ఆక్సిజన్ పడిపోయినా బాగానే ఉందని చూపిస్తోందని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు బయటపెట్టారు. తెల్లవాళ్లలో అలాంటి పొరపాటు 3.6 శాతం, నల్లవాళ్లలో 11.7 శాతం. ఇలాంటి తేడా ఉందని 1990లోనే ఒక అధ్యయనం చెప్పింది. 2018లో జాయ్ బులమ్వీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు, ముఖం చూసి ఆడో మగో చెప్పే సాఫ్ట్‌వేర్లను పరీక్షిస్తే, తెల్లని మగవాళ్ల విషయంలో తప్పు ఒక శాతం కూడా లేదు, నల్లని ఆడవాళ్ల విషయంలో 34.7 శాతం దాకా ఉంది. వాళ్లది రంగు, మనది పని. కులాన్ని రంగుతో కలిపేస్తే లెక్క తప్పుతుంది, మనలో అన్ని రంగులవాళ్లూ ఉన్నారు. అక్కడ వెలుగు చర్మంలోంచి వెళ్లడం దగ్గర తేడా వచ్చింది, ఇక్కడ చర్మం అరగడం దగ్గర వచ్చింది. అయితే రెండు చోట్లా పరికరం మనసులో ఒక మామూలు మనిషి ఉన్నాడు. ఆ మామూలు మనిషి మన పల్లెలో పుట్టలేదు.

వేలు పడకపోతే ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. ఆధార్ లేదనో, వేలు పడలేదనో ఆహార భద్రతా చట్టం కింద రావాల్సిన సరుకు ఆపకూడదని 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహార శాఖ రాష్ట్రాలకు ఆదేశమిచ్చింది. ఆధార్ చట్టంలోని ఏడో సెక్షన్ చెల్లుతుందన్న 2018 సెప్టెంబరు 26 నాటి సుప్రీంకోర్టు తీర్పు కూడా, ధ్రువీకరణ విఫలమైందని అర్హులకు హక్కు పోకూడదనే చెప్పింది. కాబట్టి "పడలేదు, రేపు రా" అనే మాటకు చట్టంలో చోటు లేదు. కనుపాప మిషన్ పెట్టమనండి, ఫోనుకు ఓటీపీ పంపమనండి, కార్డులో ఉన్న ఇంకొకరి వేలు తీసుకోమనండి, అవేవీ కుదరకపోతే రిజిస్టరులో రాసి ఇవ్వమనండి. కనుపాపకు పనితో అరుగుదల లేదు, శుక్లాలు ముదిరిన ముసలివాళ్లకు మాత్రం అక్కడా చిక్కే. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా నమోదు చేయించుకుంటే కొంత మేలు. పనులు లేని రోజుల్లో, చేతులు కాస్త మెత్తబడ్డాక వెళ్లండి. కోతల మధ్యలో వెళ్తే పగుళ్లే నమోదవుతాయి.

ఇక అమ్మ ఫోను. కనుమ రోజు దాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. వేలిముద్ర తీసేసి, తొమ్మిది చుక్కల్ని గీతతో కలిపే లాకు పెడదామని తెర చూపించాను. అమ్మ ఆ చుక్కల్ని కాసేపు చూసింది. "మూడు చుక్కలు మూడు వరసలేనా" అని అడిగి, చెయ్యి ఎత్తకుండా ఒక మెలిక తిప్పింది. ఇంకోసారి గీయమంటే ఇంకోసారి గీసింది. నాకు చూపించమన్నాను. చూపించలేదు.